శివరాత్రి తర్వాత ఊటీ

సంపాదకులకు నమస్కారం.

వేసవి విడుదుల గురించి మీ పత్రిక ప్రయాణాల పుటలో ఇటీవల వచ్చిన వ్యాసంలో, ఊటీకి ఏప్రిల్, మే నెలలే అనువైనవని, మార్చిలో అక్కడ చూడడానికి పెద్దగా ఏమీ ఉండదని రాశారు. ఆ ఒక్క మాట కోసమే ఈ ఉత్తరం. మార్చి రెండో వారంలో నేనూ మా ఆవిడా ఊటీలో నాలుగు రోజులు ఉండి వచ్చాం. ముప్పై ఏళ్లుగా చెన్నైలో కాపురం ఉంటున్నవాళ్లం. పిల్లల సెలవుల పుణ్యమా అని అంతకుముందు నాలుగుసార్లు వెళ్లినా అన్నిసార్లూ మే నెలలోనే వెళ్లాం. కనుక ఆ రెండు కాలాలకూ ఉన్న తేడా చెప్పడానికి నాకు కొంత అర్హత ఉందనే అనుకుంటున్నాను.

ఊటీ సీజన్ అని మనం అంటున్నది కొండ పెట్టిన ముహూర్తం కాదు, కింద మైదానంలో ఎండ పెట్టినది. తెల్లదొరల కాలంలో మద్రాసు ఎండకు తాళలేక ప్రభుత్వమే దస్త్రాలతో సహా వేసవిలో ఉదకమండలానికి, అంటే ఈ ఊటీకే, తరలిపోయేది. అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో భాగమైన మన కోస్తా, రాయలసీమ జిల్లాల వ్యవహారాలు కూడా ఏటా ఆ నెలల్లో ఆ కొండ మీదికే ఎక్కేవి. దొరలు వెళ్లిపోయారు, వారి స్థానంలో బడి సెలవులు వచ్చాయి, నెలలు మాత్రం అవే మిగిలాయి. అందరూ ఆ నెలల్లోనే ఎక్కితే ఏమవుతుందో కల్లట్టి, కూనూరు ఘాట్ రోడ్లలో కారు ఇంజిన్ ఆపి గంటలకొద్దీ కూర్చున్నవారికి తెలుసు. చివరకు మద్రాసు హైకోర్టు కలగజేసుకోవలసి వచ్చింది. 2024 మే 7 నుంచి ఊటీ ఉన్న నీలగిరి జిల్లాకూ, కొడైకెనాల్‌కూ వెళ్లే వాహనాలకు ఈ-పాస్, అంటే ఆన్‌లైన్‌లో ముందుగా తీసుకునే అనుమతి, తప్పనిసరి అయింది. మరుసటి ఏడు, 2025 ఏప్రిల్ 1 నుంచి జూన్ నెలాఖరు వరకు నీలగిరికి మామూలు రోజుల్లో 6,000, వారాంతాల్లో 8,000 వాహనాలకు మించి అనుమతించరాదని కోర్టు ఆదేశించింది. ఎప్పుడు రావద్దో ఇంత గట్టిగా చెప్పిన తర్వాత, ఎప్పుడు రావచ్చో చెప్పేవారు కూడా ఒకరు ఉండాలి కదా. ఆ పని పత్రికలు చేయగలవు.

మేము కారు జోలికి పోలేదు. రైలులోనూ, ప్రభుత్వ బస్సులోనూ వెళ్లేవారికి ఈ-పాస్‌తో పని లేదు. చెన్నై సెంట్రల్‌లో రాత్రి నీలగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారేసరికి మేట్టుపాళయంలో దింపుతుంది. అక్కడ ఏడు దాటిన కాసేపటికి కొండ రైలు బయలుదేరుతుంది. మే నెలలో ఆ రైలు టికెట్టు దొరకడం పూర్వజన్మ సుకృతం. మేము వెళ్లింది బుధవారం, అందులోనూ పరీక్షల రోజులు కనుక, నెల ముందు ప్రయత్నిస్తే కిటికీ పక్కనే దొరికింది. 46 కిలోమీటర్ల దూరానికి దాదాపు అయిదు గంటలు పడుతుంది; 208 వంపులు, 16 సొరంగాలు, 250 వంతెనలు. కల్లార్ స్టేషన్ దాటాక దారి కొన్నిచోట్ల పన్నెండు అడుగులకు ఒక అడుగు చొప్పున ఎత్తు పెరుగుతుంది కనుక, పట్టాల మధ్య పరచిన, రంపంలా పళ్లున్న పట్టాను ఇంజిన్ కింది పళ్ల చక్రం పట్టుకుంటూ, వెనక నుంచి పెట్టెలను కూనూరు దాకా నెట్టుకుపోతుంది. ఇంజిన్ నీళ్లు పట్టుకోవడానికి ఆగిన స్టేషన్లలో దిగి, చెట్ల కింద నిలబడి టీ తాగే తీరిక కూడా దొరికింది. ఇంకొక మాట కూడా ఇక్కడే చెప్పాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలకు కొండచరియలు పట్టాల మీద పడి ఈ రైలు తరచూ రద్దవుతుంది. మార్చిలో ఆ బెడద చాలా తక్కువ.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని మన సామెత. ఊటీ చలికి ఆ సామెత ఎవరూ చెప్పినట్టు లేదు. 2,240 మీటర్ల ఎత్తున ఉన్న ఊరిలో మార్చి మధ్యాహ్నం చొక్కా మీద తిరగవచ్చు గానీ, పొద్దువాలగానే శాలువా వెతుక్కోవలసిందే. డిసెంబరు, జనవరి నెలల్లోలా తెల్లవారుజామున గడ్డి మీద మంచు పేరుకుని ఉండదు, అంతే. వానా, పొగమంచూ లేవు కనుక 2,637 మీటర్ల దొడ్డబెట్ట శిఖరం మీద నుంచి లోయలు తేటగా కనిపించాయి. అక్కడి రోడోడెండ్రాన్ చెట్లకు చివరి ఎర్రపూల గుత్తులు ఇంకా వేలాడుతున్నాయి; కూనూరు దిగువన జకరండాలు అప్పుడప్పుడే ఊదారంగు తిరుగుతున్నాయి. వీటిని చూడడానికి వరుసలో నిలబడే పని లేదు.

అయితే మీ వ్యాసకర్త మాటలో కొంత నిజం లేకపోలేదు, దాన్ని దాచడం నాకు ఇష్టం లేదు. 1848లో మొదలైన ప్రభుత్వ బొటానికల్ గార్డెన్‌కు మే నెల పుష్ప ప్రదర్శనను మనసులో పెట్టుకుని మార్చిలో వెళ్తే నిరాశ తప్పదు. పచ్చికలో చాలా భాగం తాడు కట్టి మూసి ఉంచారు, మడులు మట్టిరంగులో ఉన్నాయి. ఒక పక్కన మాత్రం వేల కుండీలు వరుసలు తీరి ఉన్నాయి. వాటి మధ్య ముక్కాలి పీట మీద కూర్చున్న ఒక తోటపని ఆవిడ, అప్పుడే మొగ్గ తొడిగిన సాల్వియా మొక్కల తలలను బొటనవేలి గోటితో ఒక్కొక్కటిగా తుంచేస్తున్నది. పక్కన పాత ఆయిల్ డబ్బాలో తుంచిన ఎర్రమొగ్గలు సగానికి పైగా నిండి ఉన్నాయి. మా ఆవిడకు ప్రాణం ఉసూరుమని, "ఎందుకమ్మా, పూయనివ్వచ్చు కదా?" అని అరవంలో అడిగింది. ఆవిడ తల ఎత్తకుండానే, "ఇప్పుడు పూస్తే మేలో వచ్చేవాళ్లకు ఏం చూపించేదమ్మా? తుంచితేనే కొమ్మలు గుబురుగా వస్తాయి" అంది. మేము ఆ కుండీల దగ్గరే గంటసేపు గడిపాం. ఏ విత్తనం ఎన్ని వారాల ముందు నాటితే ప్రదర్శన నాటికి సరిగ్గా విచ్చుకుంటుందో ఆవిడ వేళ్ల మీద లెక్క చెప్పింది. బంతికి ఒక లెక్క, డాలియాకు ఇంకొక లెక్క. నాలుగు మే నెలల్లో జనం భుజాల మీదుగా చూసిన పూలకన్నా ఆ డబ్బాలోని మొగ్గలే నాకు ఎక్కువ గుర్తున్నాయి.

ఫిర్యాదు ఒకటి ఉంది. మేము దిగిన లాడ్జిలో సగం గదులకు రంగులు వేస్తున్నారు. కారిడార్ అంతా టర్పెంటైన్ వాసన, వేడినీళ్లు ఉదయం రెండు గంటలు మాత్రమే. సీజన్‌కు సిద్ధం చేస్తున్నాం సార్ అన్నారు. చేసుకోవలసిందే, ఏటా అదొక్కటే వారికి వ్యవధి. కానీ గది అద్దె మాత్రం సీజన్ అద్దెకు దగ్గరగానే తీసుకున్నారు, ఈ మరమ్మతుల సంగతి ముందుగా ఒక్క ముక్క కూడా చెప్పలేదు. ఏ గదులు, ఏ ఉద్యానాలు, ఏ రోడ్లు మరమ్మతులో ఉన్నాయో మార్చి మొదటి వారంలోనే పర్యాటక శాఖ ఒకచోట ప్రకటిస్తే, వచ్చేవాడు తెలిసే వస్తాడు, అద్దె విషయంలో బేరమూ ఆడగలడు.

ఈ కాలానికి ఉన్న ప్రమాదాన్ని కూడా మీ వ్యాసాలు చెప్పాలి. నైరుతి వానలు పడేది జూన్‌లో కనుక మార్చి నాటికి అడవులూ గడ్డిమైదానాలూ ఎండి నిప్పు కోసం కాచుకుని ఉంటాయి. 2018 మార్చి 11న తేని జిల్లా కురంగణి కొండల్లో కార్చిచ్చు చెలరేగి ట్రెక్కింగ్‌కు వెళ్లినవారు పలువురు ప్రాణాలు పోగొట్టుకున్నారు; వారిలో చెన్నై నుంచి వెళ్లినవారే ఎక్కువ. అటవీ శాఖ దారి మూసిందంటే మూసినట్టే, గైడుకు నాలుగు డబ్బులిచ్చి దొడ్డిదారిన వెళ్లేది కాదు. ఊరికి నీళ్లిచ్చే పార్సన్స్ వ్యాలీ జలాశయానికీ జూన్ దాకా కొత్త నీరు పెద్దగా చేరదు. మార్చికి రమ్మని నేను అంటున్నది మేలో వచ్చేవారిలో కొందరిని, మే నెలకు అదనంగా మార్చిలో ఇంకొక తిరనాళ్లను కాదు.

బడిపిల్లలున్న ఇళ్లకు ఈ మాట పనికిరాదు, వారిని వదిలేద్దాం. కానీ మాంబళం, అన్నానగర్, పెరంబూరు ప్రాంతాల్లో నావంటి విశ్రాంత ఉద్యోగుల తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. మనవళ్ల సెలవుల కోసం మే దాకా ఆగి, ఆ రద్దీలో మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కే పెద్దలను ప్రతి ఏడూ చూస్తూనే ఉన్నాను. వేసవి రద్దీ కోసం దక్షిణ రైల్వే నడిపే కొండ రైలు ప్రత్యేక సర్వీసుల్లో ఒకటి రెండు మార్చి నెల మామూలు రోజులకు జరిపితే, కారు అవసరం లేకుండా అలాంటివారు ఎందరో వెళ్లి వస్తారు. ఇక మీకు నా విన్నపం చిన్నది: వచ్చే ఏడాది ఆ ఊటీ వ్యాసాన్ని మే నెల కోసం దాచకుండా, శివరాత్రి వెళ్లిన వారంలో వేయండి, పూలు ఇంకా పూయలేదని అందులో నిజమే రాయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉద్యోగి,
పశ్చిమ మాంబళం, చెన్నై.