రిపోర్టు కన్నా చెవినే నమ్ము

చిట్టితల్లీ,

ఈఎన్‌టీ పీజీలో చేరాక ఓపీలో అన్నీ చీము కారే చెవులేనని ఫోన్‌లో విసుక్కున్నావు. ఆ విసుగు గురించే రాస్తున్నాను.

మన కోనసీమలో చీము చెవి కొత్త కాదు. కాలవలో మునకలు, కాచిన వెల్లుల్లి నూనె, పుల్లతో గోకుడు. పదిమందికి చుక్కలమందు రాసేసరికి చెయ్యి అలవాటు పడిపోతుంది. పదకొండోవాడు ఆ వరసలోనే నిలబడి ఉంటాడు. చెవి క్యాన్సర్ పది లక్షల మందిలో ఏడాదికి 1 నుంచి 6 మందికే వస్తుందంటారు. అది కూడా చాలాసార్లు చీముతోనే మొదలవుతుంది.

నిరుడు అంబాజీపేట నుంచి కొబ్బరికాయలు వలిచే కూలి ఒకాయన వచ్చాడు. ఏళ్లుగా కారుతున్న చెవే. కానీ రాత్రుళ్లు నొప్పికి నిద్ర లేదన్నాడు. తలగడ మీద నెత్తుటి మరకలు పడుతున్నాయని భార్య చెప్పింది. మైక్రోస్కోప్‌లో చూస్తే ఎర్రటి కండ, సక్షన్ గొట్టం తగిలీ తగలకముందే నెత్తురు. ముక్క తీసి పంపితే వాపు మాత్రమేనని రిపోర్టు. నాకు మనసొప్పలేదు. ఇంకా లోతుగా తీసి పంపాను. స్క్వేమస్ సెల్ కార్సినోమా, అంటే చర్మపు పొరలో పుట్టే క్యాన్సర్! పైపైన తీసిన ముక్కలో వాపే కనిపించవచ్చు. రిపోర్టుకీ చెవికీ పొంతన కుదరకపోతే చెవినే నమ్ము తల్లీ.

సీటీ స్కాన్‌లో చెవి కాలువ ఎముక కొరుక్కుపోయి ఉంది. హైదరాబాద్‌లో ఆపరేషన్ చేశారు. గడ్డను తవ్వి తీయడం కాదది. కాలువ మొత్తాన్నీ కర్ణభేరి, దాని వెనకుండే చిన్న ఎముకలు మాలియస్, ఇంకస్‌లతో సహా ఒకే ముద్దగా తీస్తారు. మూడో చిన్న ఎముక స్టేపిస్‌నూ ముఖనాడినీ ముట్టుకోకుండా వాటి వెలుపల నుంచే డ్రిల్లు నడపాలి. కాలువ మృదులాస్థిలో పుట్టుకతోనే ఉండే సందుల గుండా రోగం చెవి ముందుండే పరోటిడ్ లాలాజల గ్రంథిలోకి పాకుతుంది కాబట్టి దాన్నీ తీశారు. తర్వాత రేడియేషన్ ఇచ్చారు. ఆ చెవికి వినికిడి తగ్గింది గానీ లోపలి చెవి నిలిచింది, కాబట్టి ఎముక ద్వారా వినిపించే యంత్రం పెట్టవచ్చు. ముఖనాడి దెబ్బతిని మూతి వంకరపోయాక వచ్చి ఉంటే రోగం టీ4 (బాగా ముదిరిన దశ) కిందే లెక్క; అప్పుడు ఇంత తేలిగ్గా చెప్పగలిగేవాణ్ణి కాదు.

అడిగిందే తడవుగా చుక్కలమందు చేతిలో పెట్టే మందుల దుకాణాలను తలచుకుంటే ఒళ్లు మండుతుంది. నువ్వు మాత్రం నొప్పి ఉందా, నెత్తురు పడుతోందా, మూతి తిరిగిందా అని ప్రతి ఒక్కరినీ అడుగు. మందు సరిగ్గా వాడినా ఆరని చెవికి సీనియర్లను విసిగించైనా బయాప్సీ చేయించు.

వచ్చే నెల ఆయన చెకప్‌కు వస్తాడు. సెలవు దొరికితే రా, ఆపరేషన్ చేసిన చెవిని నువ్వే చూద్దువుగాని.

ఆశీస్సులతో,
నాన్న
అమలాపురం