పిల్లల చెస్ పోటీలకి క్లాకులు పెట్టండి

సంపాదకులకు నమస్కారం,

మా ఊళ్లో స్కూలు పిల్లలకి చెస్ పోటీలు బాగానే పెడుతున్నారు, సంతోషం, కానీ నేను చూసినవాటిలో ఒక్క బోర్డు పక్కనా క్లాక్ లేదు, అదే, ఇద్దరి టైమూ విడివిడిగా లెక్కపెట్టేది, ఎత్తు వేశాక నొక్కితే మన టైం ఆగి ఎదుటివారిది మొదలయ్యేది. ఆట సాగిపోతే ఎవరో సార్ వచ్చి పావులు లెక్కపెట్టి నువ్వు గెలిచావు అనేస్తారు. అది చదరంగం కాదండి.

2025 జులైలో జార్జియా దేశంలోని బతూమిలో మన కోనేరు హంపికి, దివ్యా దేశ్‌ముఖ్‌కి మహిళల ప్రపంచ కప్ ఫైనల్ జరిగింది కదా, మా ఇంట్లో అందరం ఫోన్ చుట్టూ కూచుని చూశాం. రెండు క్లాసికల్ గేములూ, అంటే గంటల తరబడి సాగేవి, డ్రా, తర్వాత ర్యాపిడ్, అంటే తక్కువ టైంలో ఆడేవి, ఒక్కొక్కరికి 15 నిమిషాలు, ఎత్తుకి 10 సెకన్లు కలుస్తాయి. అందులో మొదటిది కూడా డ్రా, రెండోదాంట్లో దివ్య నల్లపావులతో గెలిచింది. హంపి అంటే 2002లో 15 ఏళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయిన మనిషి, 2019లో, 2024లో ప్రపంచ ర్యాపిడ్ ఛాంపియన్, ఆవిడకే చివర్లో టైం తగ్గిపోయి ఎత్తు తప్పింది. మరి క్లాక్ ముఖమే చూడని మన పిల్లల సంగతేటి?

మా పాపని మొదటిసారి విశాఖ టోర్నమెంట్‌కి తీసుకెళ్లాను. హాల్లోకి తల్లిదండ్రుల్ని రానివ్వరు, బయటికొచ్చి చెప్తేనే తెలిసింది. రెండు బంట్లు ఎక్కువ, ఏనుగు ఏడో వరసలో ఉంది, ఎత్తు వేసి, ఎత్తులు రాసుకునే షీట్ మీద రాసుకుని క్లాక్ నొక్కడం మర్చిపోయిందట, ఎదుటి అబ్బాయి ఏం మాట్లాడకుండా కూచున్నాడు, దీని టైమే కరిగిపోతోంది. అంతకుముందు ఒకసారి కుడిచేత్తో పావు జరిపి ఎడంచేత్తో నొక్కితే ఆర్బిటర్, అంటే పోటీ రిఫరీ, హెచ్చరించారట, ఏ చేత్తో జరిపితే ఆ చేత్తోనే నొక్కాలని దానికి తెలిస్తేగా! "నాన్నా, గెలిచేదాన్నే, టైం అయిపోనాది" అని బస్సులో విజయనగరం వచ్చేదాకా ఏడ్చింది.

తప్పు పిల్లది కాదు, నేర్పని మాది. ఒక క్లాక్ ఖరీదు మంచి క్రికెట్ బ్యాట్ ఖరీదంత కూడా ఉండదు. అధికారులు ఓ పది పన్నెండు కొని జిల్లా కేంద్ర గ్రంథాలయంలో పెడితే పోటీ పెట్టే ఏ స్కూలైనా సంతకం పెట్టి పట్టుకెళ్తుంది, మిగతా రోజుల్లో పిల్లలు అక్కడే కూచుని ఆడుకుంటారు. ఆదివారాలు గది చూసుకోడానికి నేనూ, ఇంకో ఇద్దరు తల్లిదండ్రులూ వస్తాం, జీతం ఏమీ అక్కర్లేదు, తాళం ఇస్తే చాలు.

ఇట్లు,
ఒక పాఠకుడు, విజయనగరం