అప్పు తెచ్చి కడతారు సరే, ఆ తర్వాత చూసుకునేది ఎవరు?

సంపాదకుల వారికి,

నమస్కారం. గోదావరి పుష్కర ఘాట్‌నూ, పాత హేవలాక్ రైలు వంతెననూ పర్యాటకుల కోసం తీర్చిదిద్దే అఖండ గోదావరి ప్రాజెక్టుకు 2025 జూన్ 26న మా రాజమహేంద్రవరంలో శంకుస్థాపన జరిగిన వార్తను మీరు మొదటి పేజీలోనూ, జిల్లా పేజీల్లోనూ విస్తారంగా ప్రచురించారు. ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్, కేంద్ర పర్యాటక మంత్రి గజేంద్ర సింగ్ షెకావత్, రాష్ట్ర పర్యాటక మంత్రి కందుల దుర్గేష్ చేసిన ప్రసంగాలన్నీ చదివాను. తర్వాతి రోజుల్లో ఎవరైనా ఆ ఒక్క ప్రశ్న అడుగుతారని ఎదురుచూశాను. ఎవరూ అడగలేదు కనుక నేనే రాస్తున్నాను. ఇవన్నీ కట్టిన తర్వాత ఎవరు చూసుకుంటారు? అందుకు ఏటా డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?

మొదట ఈ ప్రాజెక్టుకు వచ్చిన 94 కోట్ల 44 లక్షల రూపాయల సంగతి చెప్పాలి. కేంద్రం గోదావరికి నిధులు 'ఇచ్చింది' అని సభలో ప్రతి ఒక్కరూ అన్నారు. ఇది రాష్ట్రాలకు మూలధన పెట్టుబడి కోసం ఉద్దేశించిన 'సాస్కి' పథకం సొమ్ము. వడ్డీ లేదు, తీర్చడానికి 50 ఏళ్ల గడువు ఉంది, అయినా అది అప్పే. 2024 నవంబరులో కేంద్రం 23 రాష్ట్రాల్లోని 40 ప్రాజెక్టులకు సుమారు 3,296 కోట్లు మంజూరు చేసినప్పుడు మన రాష్ట్రానికి గండికోట కింద 77 కోట్ల 91 లక్షలు, ఈ అఖండ గోదావరి కింద 94 కోట్ల 44 లక్షలు వచ్చాయి. పొరుగున తెలంగాణకు రామప్ప ప్రాంతానికీ, సోమశిలకూ వచ్చాయి. అప్పు తేవడాన్ని నేను తప్పుపట్టడం లేదు. వడ్డీ లేకుండా దొరికినప్పుడు తెచ్చుకోవడమే మంచిది. అయితే ఆ సొమ్ము కట్టడానికే. కట్టినదాన్ని నడిపే బాధ్యత, ఖర్చు పూర్తిగా రాష్ట్ర ప్రభుత్వానివే. అంటే మన మనవలు తీర్చవలసిన అప్పుతో కట్టిన కట్టడం, ఆ అప్పు తీరేదాకానైనా నిలబడాలి కదా! ఆ మాట ఆ వేదిక మీద ఒక్కరి నోటా వినపడలేదు.

ఈ భయం ఊరికే పుట్టింది కాదు. మన రాష్ట్రంలో ప్రభుత్వం మారితే పర్యాటక ప్రణాళిక మొత్తం మళ్లీ మొదటికి వస్తుంది. విశాఖపట్నం రుషికొండ మీద పర్యాటకాభివృద్ధి సంస్థకు హరిత రిసార్ట్ ఉండేది. సముద్రానికి ఎదురుగా, మధ్యతరగతి కుటుంబాలు కూడా దిగగలిగిన చోటు, సంస్థకు ఆదాయం తెచ్చిపెట్టిన చోటు. గత ప్రభుత్వం దాన్ని పడగొట్టి, కొండను తొలిచి, 400 కోట్లకు పైగా ప్రజాధనంతో భవనాలు కట్టింది. 2024 జూన్‌లో ప్రభుత్వం మారింది. ఆ భవనాల తలుపులు తీసి స్నానాల గదుల్లోని సామగ్రిని టీవీల్లో చూపించారు, చూసి మేమంతా కోపగించుకున్నాం. ఆ కోపం న్యాయమైనదే. కానీ 2025 జూన్‌కు ఏడాది గడిచింది, భవనాలు అప్పటికీ ఖాళీగానే ఉన్నాయి. ఉప్పుగాలికి తలుపులూ కిటికీలూ పాడైపోతుంటే, వాటిని ఏం చేయాలన్న చర్చే సాగుతూ వచ్చింది. కట్టినవారి తప్పు కట్టినవారిదే. వాడకుండా వదిలేసిన ప్రతి నెలా జరిగే నష్టానికి మాత్రం ఇప్పటి ప్రభుత్వమే సమాధానం చెప్పాలి.

అదే కొండ కింద ఉన్న రుషికొండ బీచ్‌కు 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు, అంటే శుభ్రంగా, భద్రంగా ఉన్న బీచ్‌లకు ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది. రాష్ట్రమంతా గర్వపడింది. 2025 మొదట్లో ఆ గుర్తింపు తాత్కాలికంగా పోయింది. కారణాలేమిటయ్యా అంటే తిరిగే కుక్కలు, పనిచేయని కెమెరాలు, మరుగుదొడ్ల అపరిశుభ్రత, పాడైన నడకదారులు. వీటిలో కోట్లు కావలసినది ఏదైనా ఉందా? రోజూ ఊడ్చే మనిషి, వారానికోసారి తనిఖీ చేసే అధికారి ఉంటే చాలు. పరువు పోయాక హడావిడిగా బాగుచేసి మార్చిలో గుర్తింపును తిరిగి తెచ్చుకున్నారు. అంటే చేతకాక కాదు, ఎవరో బయటి నుంచి చెబితే తప్ప మనవారు చేయరు.

మా ఊరి విషయానికి వస్తాను. 2015 గోదావరి పుష్కరాలకు ఇక్కడ ఘాట్ల మీద ఎంత ఖర్చు చేశారో అందరికీ తెలుసు. తొలిరోజు తొక్కిసలాటలో పోయిన ప్రాణాలూ తెలుసు. ఆ ఘాట్లలో మా ఇంటికి దగ్గరగా ఉన్నదానికి నేను దాదాపు రోజూ వెళతాను. అక్కడ ఆడవారు బట్టలు మార్చుకోవడానికి కట్టిన గదికి తలుపు ఉంది, గడియ లేదు. లోపల కొక్కేలు ఊడిపోయాయి, దీపం వెలగదు. దూరం నుంచి కార్తిక స్నానానికి వచ్చిన ఆడవారు ఒకరు లోపల ఉంటే మరొకరు చీర చెంగు అడ్డంపెట్టి బయట కాపలా నిలబడతారు. కుళాయిల వరుసలో చివరిదొక్కటే పనిచేస్తుంది. మెట్ల మీద నాచు పేరుకుని, వయసు మళ్లినవారు పక్కవారి చెయ్యి పట్టుకుంటే తప్ప దిగలేరు. ఒక గడియ, నాలుగు కుళాయి తలలు, నెలకు రెండుసార్లు బ్లీచింగు చల్లి గీకించడం, ఇంతే పని. దీనికోసం సంబంధిత కార్యాలయానికి అర్జీ పెట్టాను. ఘాట్ మాది కాదు, పక్క శాఖది అన్నారు. పక్క శాఖకు వెళితే, పుష్కరాల నిధులతో కట్టినది కాబట్టి తమ రికార్డుల్లో లేదన్నారు. మనిషి రోజూ స్నానం చేసే మెట్లు ప్రభుత్వం రికార్డుల్లో ఏ శాఖకూ చెందకపోతే ఏమనుకోవాలి?

ఇప్పుడు మళ్లీ 2027 పుష్కరాలు వస్తున్నాయి. అఖండ గోదావరిలో పుష్కర ఘాట్ ఉంది, కడియం నర్సరీలు ఉన్నాయి, నిడదవోలు కోట సత్తెమ్మ ఆలయం ఉంది, అన్నిటికంటే ముఖ్యంగా మా హేవలాక్ వంతెన ఉంది. ఈ వంతెన 1900లో రైళ్లకు తెరుచుకుంది. 1997లో రైళ్లు ఆగిపోయాయి. రెండున్నర కిలోమీటర్లకు పైగా పొడవున్న ఆ ఇనుప దూలాలు అప్పటి నుంచి పాతికేళ్లకు పైగా ఎండకూ వానకూ అలాగే ఉన్నాయి. దాన్ని పర్యాటక కేంద్రం చేస్తామన్న మాట ఇన్నేళ్లలో అన్ని పార్టీల నాయకుల నోటా విన్నాం. ఇప్పటికి పని మొదలుకావడం నిజంగా సంతోషమే. గోదావరి మీద నుంచి పొద్దు వాలడం చూసే భాగ్యం నడిచి వెళ్లే ప్రతి మనిషికీ దక్కాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను. కానీ నదిలో నిలబడ్డ ఇనుముకు రంగు వేయడం ఒకసారితో తీరే పని కాదు. తుప్పు గీకడం, రంగు వేయడం, రివిట్లు చూడడం ఏళ్ల తరబడి సాగాలి. రైల్వేవారు రైళ్లు నడిపినంత కాలం అందుకోసం మనుషులను పెట్టారు. రేపు ఆ పని ఏ శాఖ ఇంజనీరుది? వంతెన మీద వినోదపు హంగుల గురించి ఎన్ని వివరాలు ప్రకటించినా, ఈ ఒక్క వివరం నాకు ఎక్కడా కనిపించలేదు.

ఇది సౌకర్యాల గొడవ మాత్రమే కాదు. 2019 సెప్టెంబరు 15న పాపికొండల యాత్రకు బయలుదేరిన పడవ కచ్చులూరు దగ్గర మునిగి యాభై మంది దాకా మరణించారు. హైదరాబాదు, వరంగల్లు, విశాఖ నుంచి సెలవురోజు సరదాగా వచ్చిన కుటుంబాలవి. ఆ పడవను బయటికి తీయడానికే నెల దాటింది, అదీ కాకినాడ నుంచి వచ్చిన ధర్మాడి సత్యం బృందం ప్రాణాలకు తెగించి తీసింది. ఆ తర్వాతే గోదావరి వెంట కంట్రోల్ రూములు వచ్చాయి. అవి గత ప్రభుత్వం పెట్టినవి కాబట్టి ఈ ప్రభుత్వానికి పట్టవు అన్న పరిస్థితి రాకూడదు. నదికి వరద వచ్చే రోజులివి. పడవల తనిఖీ ఎవరు చేశారు, ఏ తేదీన చేశారు, ఎందరిని ఎక్కించవచ్చు అన్నది ప్రతి రేవులోనూ తెలుగులో బోర్డు మీద రాసి ఉండాలి.

కొత్త పర్యాటక విధానం, పరిశ్రమ హోదా, పెద్ద హోటళ్లకు రాయితీలు, విజయవాడ నుంచి శ్రీశైలానికి సీప్లేన్, ఇవన్నీ విన్నాం. సీప్లేన్ 2024 నవంబరు 9న ముఖ్యమంత్రిని తీసుకుని ఒకసారి ఎగిరింది. మామూలు ప్రయాణికులకు 2025 మధ్య నాటికి కూడా అందుబాటులోకి రాలేదు. మన రాష్ట్రంలో తిరిగే యాత్రికుడు ఎవరో పాలకులకు తెలియదా? గుడికి వచ్చి, పులిహోర పొట్లం విప్పుకుని, నీడ ఎక్కడుందా అని చూసుకునే మనిషే కదా! అతనికి శుభ్రమైన మరుగుదొడ్డి, తాగే నీళ్లు, సాయంత్రం చివరి బస్సు ఎన్నింటికో చెప్పే మనిషి కావాలి. ఇవి దొరికితే అతను మరో రోజు ఉంటాడు, దామెర్ల రామారావు చిత్రశాలకూ, రాళ్లబండి సుబ్బారావు మ్యూజియానికీ, ధవళేశ్వరంలోని కాటన్ మ్యూజియానికీ వెళతాడు. ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే కన్నుమూసిన దామెర్ల వేసిన చిత్రాలు ఈ ఊళ్లో ఉన్నాయని స్టేషన్లో దిగినవాడికి చెప్పేవారే లేరు. ఉన్నవాటికి దారి చూపించడానికి 94 కోట్లు అక్కరలేదు.

ఒకప్పుడు శాఖాధికారి అంటే తన పరిధిలోని గోడకు పగులు వస్తే తనకే అవమానంగా భావించేవారు. ఇప్పుడు అధికారులు మంత్రి కాన్వాయ్ వచ్చే రోజు దారికి సున్నం గీతలు వేయించి, మర్నాటి నుంచి అటు చూడడం లేదు. బదిలీల భయమో, నిధులు రాకపోవడమో, కారణం ఏదైనా ఫలితం అనుభవించేది మేమే.

అందుచేత పర్యాటక మంత్రిగారికి మీ పత్రిక ద్వారా నా విన్నపం. ఆయన ఈ జిల్లావారే, నిడదవోలు ఎమ్మెల్యే, ఈ ఘాట్లన్నీ ఆయనకు తెలిసినవే. అఖండ గోదావరి పని పూర్తయ్యేలోపు దాని నిర్వహణకు ఏ శాఖ బాధ్యత వహిస్తుందో, ఏటా ఎంత ఖర్చవుతుందో జీవో రూపంలో ప్రకటించాలి. ప్రవేశ రుసుము వసూలు చేస్తే ఆ సొమ్ము ఖజానాలో కలిసిపోకుండా ఆ వంతెనకే, ఆ ఘాట్‌కే ఖర్చయ్యేలా విడిగా ఖాతా పెట్టి, మూడు నెలలకోసారి లెక్క ప్రచురించాలి. 2015లో కట్టిన ఘాట్లన్నీ ఎవరి ఆధీనంలో ఉన్నాయో ఈ పుష్కరాలకు ముందే తేల్చాలి. మీ విలేఖరులు కూడా ఈసారి మంత్రిగారి పర్యటనకు వెళ్లినప్పుడు ఈ ప్రశ్న అడిగి, వచ్చిన జవాబును శంకుస్థాపన వార్త వేసినంత పెద్దగానే ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
రాజమహేంద్రవరం