వార్షిక నివేదిక 2024-25: కొక్కరె బెళ్లూరు పక్షుల ఊరు

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఉగాది వేడుక, పిల్లల తెలుగు తరగతులు, రక్తదాన శిబిరం ఎప్పటిలాగే జరిగాయి. లెక్కల పత్రం జతచేశాం. ఈసారి వివరంగా చెప్పాల్సింది ఫిబ్రవరిలో కుటుంబాలతో వెళ్లొచ్చిన కొక్కరె బెళ్లూరు గురించి.

బెంగళూరుకు సుమారు 80 కిలోమీటర్ల దూరంలో, మండ్య జిల్లా మద్దూరు తాలూకాలో, శింషా నదికి దగ్గరగా ఉన్న పల్లె ఇది. గూడబాతులు, అంటే పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు ఇళ్ల మధ్య చింతచెట్ల మీదే గూళ్లు కడతాయి. కింద పశువులకు మేత వేస్తుంటారు, పైన గూడబాతు పిల్ల తల్లి గొంతుసంచిలో తల దూర్చి చేప తింటుంటుంది. చూడటానికి బైనాక్యులర్ అక్కర్లేదు.

ఊరివాళ్లు మాత్రం దీనికి చాలా వదులుకుంటున్నారు. గూళ్లున్న చెట్టు మీద చింతపండు ఆదాయం పోతుంది. రెట్టల కంపు, జారిపడ్డ చేపల కంపు నెలల తరబడి భరించాలి. అటవీశాఖ చెట్ల యజమానులకు పరిహారం ఇస్తుంది కానీ అది నష్టానికి సరిపోదని అక్కడివాళ్లు అంటారు. మాకూ అది న్యాయమైన మాటే అనిపించింది. రెట్ట మంచి ఎరువు కాబట్టి చెట్ల కింద పోగుచేసి పొలాలకు తోలుకుంటారు. గూటి నుంచి పడ్డ పిల్లల్ని హెజ్జార్లె బళగ అనే స్థానిక యువకుల బృందం చేపలు పెట్టి సాకుతూ వచ్చింది. 2007లో ప్రభుత్వం ఈ ఊరిని కమ్యూనిటీ రిజర్వ్‌గా, అంటే ఊరివాళ్ల భాగస్వామ్యంతో నడిచే రక్షిత ప్రాంతంగా, ప్రకటించింది, కానీ ఊరు ఈ పక్షుల్ని కాపాడుకోవడం అంతకు ఎన్నో తరాల ముందు నుంచే ఉంది.

2017 చివర్లో మొదలై 2018లో కూడా ఇక్కడ గూడబాతులు వరుసగా చనిపోయాయి. పోస్ట్‌మార్టంలో పరాన్నజీవి పురుగులు బయటపడ్డాయి. ఆ పురుగులు పక్షులు తిన్న చేపల ద్వారా వచ్చేవి. చెట్లను ఊరు కాపాడుకోగలదు. పక్షులు మేతకెళ్లే చెరువులు బాగుండాలంటే చుట్టుపక్కల ఊళ్లూ, ప్రభుత్వమూ కూడా పూనుకోవాలి. మన సంఘం పర్యావరణ నిధిని ఈసారి మొక్కలకు కాకుండా చెరువుల పనికి కేటాయించాలని కార్యవర్గం కోరుతోంది.

వచ్చే ఏడాది గుంటూరు దగ్గర ఉప్పలపాడు, వీలైతే శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం వెళ్దాం. అక్కడా ఇవే పక్షులు, అక్కడా ఊరివాళ్లే అండ. డ్రోన్లు, స్పీకర్లు తేవద్దు. భోజనం, టీ ఆ ఊళ్లోనే కొనుక్కుందాం. రాదలచినవారు దసరాలోపు కార్యదర్శికి పేర్లివ్వండి.

ఇట్లు
కార్యవర్గం