రిపేర్ బిల్లులు చూసి భయపడకండి

ఎడిటర్ గారికి,

మీ పేపర్ క్లాసిఫైడ్స్‌లో చూసినా, హైదరాబాద్‌లో ఏ కార్ కన్సల్టెన్సీకి వెళ్లినా సెకండ్ హ్యాండ్ బెంజ్, బీఎండబ్ల్యూ, ఆడీల పక్కన ఒకటే పాట: ఫస్ట్ ఓనర్, తక్కువ కిలోమీటర్లు, ఫుల్ సర్వీస్ హిస్టరీ. కొత్తలో 60 లక్షలు పలికిన కారు ఏడెనిమిదేళ్లకు 20 లక్షల లోపు దొరుకుతుంటే ఎవరికైనా మనసు లాగుతుంది, కొనొద్దని నేను అనను. కానీ కారు రేటు పడిపోయింది కదా అని స్పేర్ పార్టుల రేటు పడిపోదు, లేబర్ చార్జీ అసలే తగ్గదు. ఇలాంటి కార్ల వర్క్‌షాప్‌లో చాలాకాలం సర్వీస్ అడ్వైజర్‌గా చేశాను కాబట్టి ఆ హిస్టరీని ఎలా చదవాలో కొంచెం చెబుతాను.

కొనేవాళ్లలో ఒక అలవాటు గమనించాను. ఫైలు తెరవగానే సస్పెన్షన్ మార్చారు, వాటర్ పంప్ మార్చారు, గేర్ బాక్స్ ఆయిల్ మార్చారు అని కనబడితే చాలు, "అమ్మో, దీనికి అన్నీ ప్రాబ్లమ్సే" అని పక్కన పెట్టేస్తారు. ఇంకో కారు ఫైల్లో ఏడాదికోసారి ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్, వాషింగ్ తప్ప ఏమీ ఉండదు, దాన్ని చూసి మురిసిపోతారు. నాకైతే రెండోదే టెన్షన్. 8 ఏళ్లు, 90 వేల కిలోమీటర్లు తిరిగిన జర్మన్ కారుకి ఏమీ మార్చలేదంటే, మార్చాల్సినవన్నీ కొనేవాడి నెత్తిన పెడుతున్నట్టే.

గేర్ బాక్స్ సంగతే చూడండి. చాలా బీఎండబ్ల్యూల్లో ఉండేది జెడ్‌ఎఫ్ కంపెనీ 8 స్పీడ్ ఆటోమేటిక్. దాని ఆయిల్ జీవితాంతం మార్చక్కర్లేదని చెప్పేవాళ్లు ఉన్నారు, షెడ్యూల్లో లేదు కాబట్టి ఓనర్లు కూడా అడగరు, అయితే ఆ గేర్ బాక్స్ తయారుచేసిన జెడ్‌ఎఫ్ మాత్రం 80 వేల నుంచి లక్షా 20 వేల కిలోమీటర్ల మధ్యలో, లేదంటే 8 ఏళ్లకు మార్చమంటుంది. ఆ పని చేయించినట్టు ఒక మంచి బయటి గ్యారేజ్ బిల్లు, పార్ట్ నంబర్లతో సహా ఉంటే, అది నాకు నాలుగు షోరూమ్ స్టాంపుల కంటే విలువైనది. అలాగే 2007 తర్వాత కొన్నేళ్లు వచ్చిన బీఎండబ్ల్యూ ఎన్47 డీజిల్ ఇంజిన్లకి టైమింగ్ చైన్ (ఇంజిన్ వాల్వులు సరైన సమయానికి తెరుచుకునేలా తిప్పే గొలుసు) సమస్య పేరుమోసింది. ఆ చైన్ ఇంజిన్‌కి వెనక, గేర్ బాక్స్ వైపు ఉంటుంది కాబట్టి ఆ పనికి లేబరే తడిసి మోపెడవుతుంది. పాత 320డీ, 520డీ ఎవరైనా చూపిస్తే మొదట అడగాల్సింది ఆ బిల్లు ఉందా అని.

తక్కువ తిరిగిన కారు కదా అని కూడా ఊరుకోకూడదు. బ్రేక్ ఫ్లూయిడ్ సాధారణంగా రెండేళ్లకోసారి మార్చాలి, బండి కదిలినా కదలకపోయినా. ఆరేళ్ల కారు ఫైల్లో అది ఒక్కసారి కూడా లేదంటే ఆ ఓనర్ కారుని ఎలా చూసుకున్నాడో తెలిసిపోతుంది. డీజిల్ కారు రోజూ నాలుగు కిలోమీటర్లు ఆఫీసుకి, ఇంటికి మాత్రమే తిరిగిందంటే డీపీఎఫ్, అంటే పొగలోని మసిని పట్టే ఫిల్టర్, నిండిపోయే అవకాశం ఎక్కువ.

ఇక మీటర్ వెనక్కి తిప్పడం. వారంటీ అయిపోగానే షోరూముకి వెళ్లడం మానేస్తారు, అసలు ఆట అక్కడి నుంచే. చివరి ఎంట్రీ 2021లో 46 వేలు, ఇప్పుడు మీటర్ మీద 53 వేలు అనుకుందాం. మొదటి మూడేళ్లు ఏడాదికి 15 వేలు తిరిగిన మనిషి తర్వాత ఇల్లు కదల్లేదా? వర్క్ ఫ్రం హోం అంటారు, నిజం కూడా కావచ్చు. అప్పుడు టైర్లు చూడండి. సైడ్ మీద డాట్ కోడ్ చివర నాలుగు అంకెలుంటాయి, 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని. 53 వేల కారుకి మూడో సెట్ టైర్లు ఎందుకు పడ్డాయో అడగండి. చాలా కార్లలో రీడింగ్ మీటర్‌తో పాటు వేరే కంప్యూటర్లలో కూడా నిల్వ ఉంటుంది కాబట్టి స్కాన్ చేయిస్తే కొన్నిసార్లు దొంగ దొరుకుతాడు, కొన్నిసార్లు అక్కడ కూడా సర్దేసి ఉంటారు.

అమ్మేవాడు ఇచ్చిన ప్రింటవుట్ నమ్మొద్దు. ఆథరైజ్డ్ సర్వీస్ సెంటర్‌కి అతన్నే తీసుకెళ్లి, ఛాసిస్ నంబర్ మీద హిస్టరీ మీ కళ్ల ముందు తీయించండి. ఓనర్ ఒప్పుకోకుండా వేరేవాళ్లకి మామూలుగా ఇవ్వరు, అందుకే అతను ఉండాలి. రేపు మాపు అంటే ఇంకో కారు చూసుకోండి. ఇన్సూరెన్స్ పాలసీలో నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, కూడా చూడండి. ఐదేళ్లు క్లెయిమ్ లేకపోతే అది 50 శాతానికి చేరుతుంది. "గీత కూడా పడలేదు సార్" అన్న కారు పాలసీలో సున్నా ఉంటే కారణం చెప్పాల్సిందే, అది అద్దం పగిలిన క్లెయిమ్ అయినా సరే. 2015 డిసెంబర్‌లో చెన్నై, 2020 అక్టోబర్‌లో హైదరాబాద్, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ మునిగాయి. ఆ నెలల్లో ఆ కారు ఎక్కడుందో ఫైలుని బట్టి తెలుసుకోవాలి.

ఇంత డిటెక్టివ్ పని కొనేవాడి మీదే ఎందుకు పడాలి అన్నది నా అసలు ఫిర్యాదు. బెల్జియంలో 2006 నుంచి కార్‌పాస్ అని ఉంది, కారు గ్యారేజ్‌కి వచ్చినప్పుడల్లా రీడింగ్ నమోదవుతుంది, అమ్మేటప్పుడు ఆ కాగితం ఇచ్చి తీరాలి. మన దగ్గర 2022 డిసెంబర్‌లో కేంద్రం తెచ్చిన రూల్స్ ప్రకారం సెకండ్ హ్యాండ్ డీలర్ తన దగ్గరున్న కారు ఎందుకు బయటికెళ్లింది, ఎంత తిరిగింది అని రిజిస్టర్ రాయాలి. డీలర్ దగ్గర నిలబడ్డ నెల రోజులకి లెక్కుంది, అంతకుముందు తిరిగిన ఏడేళ్లకి లేదు! ఆర్సీ బదిలీకి ఫారం 29, 30 ఇచ్చేటప్పుడే మీటర్ రీడింగ్, చివరి సర్వీస్ బిల్లు జతచేయమని రవాణా శాఖ అడిగితే ఏం పోతుంది?

ఈలోపు మీ పేపరే మొదలుపెట్టొచ్చు. కారు ప్రకటన ఇచ్చేవాళ్లు చివరి సర్వీస్ తేదీ, అప్పటి రీడింగ్ తప్పనిసరిగా రాయాలని పెట్టండి. ఆ అదనపు లైనుకి డబ్బులు కూడా వసూలు చేసుకోండి, మాకేం అభ్యంతరం లేదు.

ఇట్లు,
మీ పాఠకుడు,
కూకట్‌పల్లి, హైదరాబాద్