కళాయి సాయిబుగారికి

పాప పుట్టి పదకొండు రోజులు. 2.3 కిలోలు. నిద్రలేక కళ్ళు మూతలు పడుతున్నాయి, తప్పులుంటే సర్దుకోండి. ఇప్పుడు రాయకపోతే ఇక రాయను.

ఏమైందని చాలామంది అడిగారు. ఆరో నెలలో నా రక్తంలో సీసం డెసిలీటరుకి 31 మైక్రోగ్రాములు తేలింది. 5 దాటితేనే ఎక్కణ్ణించి వస్తోందో వెతకమంటారు. బ్యాటరీ పనివాళ్ళకి వచ్చేది నాకెలా వచ్చింది? ఆస్పత్రిలో అందరిదీ ఒకటే మాట, "ఏం నాటుమందులు తిన్నావ్?" ఏవీ తినలేదు మహాప్రభో! వేవిళ్ళప్పుడు పుల్లటి చారు తప్ప ఏదీ సయించేది కాదు, పూటపూటా అదే. అటక మీంచి దించి, వీధిలో కేకేసుకుంటూ వచ్చిన మనిషితో కళాయి, అంటే లోపల తగరం పూత, వేయించిన ఇత్తడి గిన్నెలో.

మావారు ఆ గిన్నె పట్టుకుని పాత బజారులో కళాయి సాయిబుగారి దగ్గరికి వెళ్ళారు. డెబ్బై ఏళ్ళుంటాయి ఆయనకి. సంగతి విని, కొలిమి ఆర్పేసి, బండెక్కి ఇంటికే వచ్చేశారు. నన్ను లోపలే ఉండమని, అరుగు మీద కూర్చుని పూత కాస్త గీకి తెల్లకాగితం మీద రుద్దారు. పెన్సిల్ గీసినట్టు గీత పడింది. తన సంచిలోని తగరం ముక్క రుద్దితే పడీ పడనట్టుంది. "తగరం ఖరీదమ్మా, సీసం చవక. పులుపు తగిలితే దిగుతుంది. నా మాట కాదు, ల్యాబులో చూపించండి" అన్నారు. ఇంట్లో కళాయి గిన్నెలన్నీ తెప్పించుకున్నారు. అందులో రెండు తన చేతి పనే. "ఇవీ వద్దు, పురుడయ్యేదాకా" అని అన్నీ తనే మూటగట్టారు. డబ్బులిస్తే ముట్టుకోలేదు. వెళ్తూ వెళ్తూ మెట్ల దగ్గర ఆగి, "మా పనివాడే ఎవడో చేశాడు. తప్పు మాదే తల్లీ" అని చేతులు జోడించారు. రిపోర్టు చూసినప్పుడు కూడా ఏడవలేదు నేను. అప్పుడు ఏడ్చాను. మర్నాడు మనవడితో కొత్త స్టీలు గిన్నె పంపారు.

మావారు, అమ్మ, అత్తయ్య సంగతి వేరే చెప్పాలా.

ఒక్కటి మాత్రం అడగాలి. పెట్రోల్లో సీసం 2000లోనే తీసేశారు. ఇంటి పెయింటులో 90 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 90) దాటకూడదని 2017 నుంచి రూలుంది. మరి మనం తినే గిన్నెకి పూసేదాన్ని ఎవరు చూస్తారు? సీసం మాయ దాటి బిడ్డకి చేరుతుంది. బరువు తగ్గొచ్చు, నెలలు నిండకుండానే కాన్పు రావచ్చు, మెదడు ఎదుగుదల దెబ్బతినొచ్చు. ఇంత తెలిసీ, రక్తం తగ్గిందని ఐరన్ మాత్రలు రాయడమే తప్ప ఒక్కరూ గిన్నెల గురించి అడగలేదు. మా ఊళ్ళో ఆ టెస్టే లేదు. శాంపిల్ హైదరాబాద్ వెళ్ళి రిజల్టు రావడానికి ఎనిమిది రోజులు. ఆ ఎనిమిది రోజుల టెన్షన్ పగవాళ్ళకి కూడా వద్దు.

గిన్నె మానేసి, కాల్షియం, ఐరన్ వేసుకుంటే కాన్పు నాటికి నా రక్తంలో సీసం 14కి దిగింది. పాప బొడ్డుతాడు రక్తంలో 11. నెలకి మళ్ళీ చూస్తారు. పాలు ఇవ్వొచ్చన్నారు, ఇస్తున్నాను.

అయ్యో, అర్ధరాత్రి వచ్చిన ఆటో తమ్ముడు! వార్డులో వేడినీళ్ళ ఫ్లాస్కు ఇచ్చిన ఆయమ్మ! అన్నిటికంటే ముందు రాయాల్సినావిణ్ణి మర్చిపోయాను. నా రక్తకణాల్లో నీలం చుక్కలు చూసి, "ఇది మామూలు రక్తహీనత కాదండీ, సీసం చూపించుకోండి" అని సాయంత్రం సొంత ఫోన్ నుంచి చేసిన ల్యాబ్ టెక్నీషియన్. పేరు కూడా అడగలేదు. ఎడమచేత్తో రాస్తారు, సాయంత్రం షిఫ్టు. ఎవరికైనా తెలిస్తే పాప బాగుందని చెప్పండి.