గాలివాన రేసులో ఒక్క దుప్పటి లేదు

ఎడిటర్ గారికి,

నమస్కారం. చిక్కమగళూరు కొండల మీద వానలో జరిగిన హాఫ్ మారథాన్ గురించి మీ బెంగళూరు పేజీలో ‘గాలివానను జయించిన పరుగు వీరులు’ అని ఫోటోతో సహా వేశారు. ఆ ఫోటోలో ఎడమ పక్కన నీలం టీషర్టుల్లో ఉన్నది మా క్లబ్బే. మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్ళం, ఆదివారం పొద్దున్నే పరుగు, తర్వాత ఆంధ్రా మెస్‌లో ఇడ్లీ, అదీ మా క్లబ్బు. పేపర్లో పడ్డామని ఇళ్ళల్లో అందరూ సంబరపడ్డారు, అనంతపురంలో మా అత్తగారు కటింగ్ దాచారు కూడా. కానీ ఆ ఫోటోలో మేం నవ్వట్లేదు సార్, చలికి పళ్ళు కొట్టుకుంటున్నాయి. గాలివానను జయించిన వాళ్ళెవరూ లేరు, ఎవరికీ ఏమీ కాలేదంటే అది అదృష్టం.

అటు వెళ్ళనివాళ్ళ కోసం చెబుతాను. ఆ కొండల పైభాగంలో లోయ మడతల్లో మాత్రమే షోలా అనే పొట్టి అడవి చెట్లు గుంపులుగా ఉంటాయి, మిగతాదంతా గడ్డి, పడమటి నుంచి వచ్చే రుతుపవనం గాలికి అడ్డమన్నది లేదు. బెంగళూరులో ఎంత వాన కొట్టినా ఏ షాపు షట్టర్ కిందకో ఫ్లైఓవర్ కిందకో దూరిపోతాం. అక్కడ రోడ్డు, గడ్డి, పొగమంచు, ఇంకేం ఉండదు. ముందురోజు సాయంత్రమే వాతావరణ శాఖ ఆరెంజ్ అలర్ట్ ఇచ్చింది. నిర్వాహకులు ఆ అలర్ట్‌నే వాట్సాప్ గ్రూపులో పెట్టి, పక్కన కండలు చూపించే బొమ్మ తగిలించారు.

మొదట్లో అంతా ఎక్కుడే కాబట్టి ఒళ్ళు వేడిగానే ఉంది, జోకులు కూడా వేసుకున్నాం. పైన మలుపు తిరిగి దిగడం మొదలెట్టాక తెలిసింది అసలు సంగతి. వాన పక్కనుంచి పడుతోంది. ఛాతీ మీది బిబ్‌కి, అంటే రన్నర్ నంబరు కాగితానికి, కింది పిన్నులు రెండూ ఊడిపోయి ఆ తడి కాగితం వచ్చి మొహానికి కొట్టుకుంటోంది. శక్తి కోసం మధ్యలో తినే జెల్ పాకెట్ తీస్తే వేళ్ళు వంగవు, పళ్ళతో చింపుదామంటే దవడ నిలవదు. నా పక్కన నెల్లూరు కుర్రాడొకడు, మామూలుగా వాడి నోరు మూయించడం ఎవరి తరమూ కాదు, ‘అన్నా’ అని ఏదో చెప్పబోయి మాట ముద్దముద్దగా వచ్చేసరికి తనే బెదిరిపోయాడు.

మనకి వడదెబ్బ తెలుసు, రాయలసీమలో పుట్టినవాడికి చెప్పక్కర్లేదు. చలిదెబ్బ మాత్రం మంచు పడే దేశాల గొడవ అనుకుంటాం. పదీ పదిహేను డిగ్రీల్లో కూడా తడిసిన ఒంటికి గట్టి గాలి తగిలితే చాలు. నీళ్ళు గాలికంటే ఇరవై రెట్లకు పైగా వేగంగా ఒంట్లో వేడి లాగేస్తాయి. పరిగెడుతున్నంతసేపూ కండరాలు వేడి పుట్టిస్తుంటాయి, అలిసిపోయి నడక మొదలెట్టామా, ఆ వేడి తగ్గిపోతుంది, తడి బట్టలు ఒంటినే ఉంటాయి. ఒంటి లోపలి వేడి 35 డిగ్రీల కిందికి దిగితే వణుకు, తడబాటు, ముద్ద మాట, ఇంకా దిగితే వణుకు కూడా ఆగిపోతుంది, ఆ మనిషేమో ‘నాకేం కాలేదు’ అంటుంటాడు. అంటే వెనకబడ్డవాళ్ళకే, కొత్తగా పరుగు మొదలెట్టినవాళ్ళకే ఎక్కువ ప్రమాదం. ఫోటోలు మాత్రం ముందు వరుస వాళ్ళవి వస్తాయి.

ఇంతకీ ఫినిష్ దగ్గర మెడికల్ టెంటులో ఏమున్నాయో తెలుసా? ఐస్ పెట్టె, ఓఆర్ఎస్ పాకెట్లు, నొప్పికి కొట్టే స్ప్రే. దుప్పటి ఒక్కటంటే ఒక్కటి లేదు. ఏప్రిల్ ఎండలో బెంగళూరులో పెట్టే రేసు సామానే లారీకెత్తి తెచ్చేసినట్టున్నారు.

దీనికంటే ఘోరం ఇంకోటి జరిగింది. మా క్లబ్బులో యాభై దాటిన ఒకాయన ఉన్నారు, అందరం బాబాయ్ అంటాం. మలుపు దాటి కాస్త దూరం వచ్చాక ఇక తనవల్ల కాదని ఆయనకే అర్థమై, రోడ్డు దిగి ఒక కాఫీ ఎస్టేట్ కూలీల ఇళ్ళ వైపు వెళ్ళిపోయారు. అక్కడొకావిడ ఏమీ అడక్కుండా తడి చొక్కా విప్పమని చెప్పి, గొంగళి కప్పి, బెల్లం వేసిన పాలులేని కాఫీ చేతిలో పెట్టిందట. ఫోన్ సిగ్నల్ లేదు. కింద మేము చూస్తున్నాం, చూస్తున్నాం, మనిషి రాడు. డెస్క్ దగ్గర అడిగితే అబ్బాయి, టైమింగ్ కోసం మాకు తగిలించిన చిప్‌ల లెక్క ల్యాప్‌టాప్‌లో చూసి ‘టర్న్ దగ్గర చిప్ కొట్టింది సార్, వచ్చేస్తారు’ అన్నాడు. చిప్పుకేం తెలుసు, మనిషి కాఫీ తాగుతున్నాడో, రోడ్డు పక్కన పడున్నాడో! వెనకాల రావాల్సిన బండి అప్పటికే దిగొచ్చేసింది, టెంట్లు విప్పుతున్నారు. మావాళ్ళిద్దరు అద్దె జీపు మాట్లాడుకుని పైకి వెళ్ళి తెచ్చుకున్నారు. ‘ఎవరికీ చెప్పలేదేం బాబాయ్’ అంటే, ‘చెప్పడానికి దారిలో ఒక్కడుంటేగా’ అన్నారాయన.

ఇంగ్లండు ఉత్తరాన కూడా ఇలాంటి చెట్టులేని కొండ బయళ్ళే ఉంటాయి, మూర్‌ల్యాండ్ అంటారు. గాలీ వానా అక్కడ మామూలే, అక్కడి క్లబ్బులు అందులోనే రేసులు పెట్టుకుంటాయి. కానీ కొండల మీది ఫెల్ రేసుల్లో తలకి టోపీ, గ్లౌజులు, వాన చొరబడని జాకెట్టూ ప్యాంటూ, విజిల్, మ్యాపు, దిక్సూచి, కాస్త తిండి దగ్గరుండాలని చెప్పి, స్టార్ట్ దగ్గర సంచి విప్పించి చూస్తారు. మధ్యలో మానేసినవాడు ఫినిష్‌కి వచ్చి చెప్పితీరాలి, వెళ్ళినవాళ్ళ లెక్కా వచ్చినవాళ్ళ లెక్కా కలవాలి. 2008 అక్టోబరులో అక్కడి బారోడేల్‌లో రెండురోజుల కొండ రేసు తుఫాను వల్ల మొదటి రోజే ఆపేశారు. సుమారు 2,500 మంది రన్నర్లు, అందులో 1,700 మంది జాడ తెలీదని వార్తలు వచ్చి దేశమంతా గగ్గోలు. తీరా చూస్తే పొలాల షెడ్లలో, పలకరాయి గని దగ్గర తలదాచుకున్నారు, ఎవరూ చనిపోలేదు. వాళ్ళ వీపున సంచులు ఉండబట్టే.

అదే 2021 మే 22న చైనాలోని గాన్సులో 100 కిలోమీటర్ల రేసులో 172 మంది బయల్దేరితే వడగళ్ళ వాన, చలిగాలి మీదపడి 21 మంది పోయారు. గాలి ఆపే జాకెట్ అక్కడ తప్పనిసరి కాదు. ఒక గొర్రెల కాపరి తను తలదాచుకున్న గుహలోకి ఆరుగురిని చేర్చి బతికించాడు. మా బాబాయ్‌ని కాపాడింది కూడా నిర్వాహకులు కాదు కదా, ఎస్టేట్ కూలీ.

మాలోనూ తిక్క ఉంది, అదీ చెప్పాలి. బాబాయ్ మధ్యలో మానేశారని గ్రూపులో స్టిక్కర్లు పెట్టి నవ్వారు. 2018 ఏప్రిల్‌లో బోస్టన్ మారథాన్ ఇలాగే చలివానలో, ఎదురుగాలిలో జరిగితే పరుగు మీదే బతికే పెద్ద పెద్ద రన్నర్లు చాలామంది మధ్యలోనే మానేశారు. మహిళల్లో గెలిచిన డెజిరీ లిండెన్ కూడా మొదట్లోనే మానేద్దామనుకున్నానని తర్వాత చెప్పింది. మన కుర్రాళ్ళకి ఇది ఎంత చెప్పినా ఎక్కదు, పైగా పేపర్లో ‘వీరులు’ అని పడితే ఇక ఆగుతారా.

ఇది చదివి ఎవరో ఒకరు వానాకాలం రేసులు నిషేధించాలని ఉత్తరం రాస్తారు. దయచేసి అది వద్దు, ఆ కొండ మీద వానలో పరిగెట్టడం అంత బాగుంటుంది మరి. మేం కట్టిన ఫీజు దాదాపు 2,000 రూపాయలు, దానికి మెడల్, టీషర్టు, ఉప్మా ఇచ్చారు. టీషర్టులు బీరువాలో పట్టక ఇంట్లో నేల తుడుస్తున్నారు, దాని బదులు ఒక విజిల్, రెండు చోట్ల దుప్పట్లు, నాలుగు మలుపుల్లో వాకీటాకీ ఉన్న మనిషి పెట్టలేరా? మీ విలేకరి కూడా ఈసారి వెళ్ళినప్పుడు మొదట వచ్చినవాడి టైమింగ్‌తో పాటు, చివరి మనిషి ఎన్నింటికి దిగాడో, మానేసినవాళ్ళు ఎందరో, వాళ్ళు ఎక్కడున్నారో నిర్వాహకుల్ని అడగమనండి. ఆ ప్రశ్న మేం అడిగితే చిప్ చూపిస్తారు, పేపరువాళ్ళు అడిగితే లెక్క వెతుకుతారు.

వచ్చే ఏడాదికి మావాళ్ళు అప్పుడే పేర్లిస్తామంటున్నారు. ఇవన్నీ రాతలో ఇస్తేనే క్లబ్బు తరఫున డబ్బు కడతామని మెయిల్ పెట్టాం. జవాబు వస్తే మీకూ పంపిస్తాను, అదీ ఫోటోతో సహా వేసుకోండి.

ఇట్లు,
రన్నింగ్ క్లబ్ సభ్యుడు,
మారతహళ్ళి, బెంగళూరు